గొర్రెపిల్ల మీద వెలుగు

మా తాతల గడిలో, ఆ కోటలాంటి దొర ఇంటి పెద్దహాల్లో, తూర్పు గోడకు ఒక పటం వేలాడేది. మనిషి నిలువెత్తు, చేతులు రెండూ చాచినంత వెడల్పు. దాన్ని తలచుకుంటే నాకు ముందుగా బొమ్మ గుర్తుకు రాదు. కర్పూరం వాసన, ఆముదపు దీపాల పొగ, వానకాలంలో చెమ్మ పట్టిన చెక్క చట్రం వాసన వస్తాయి. ఆ తర్వాత, నిద్రలోంచి మెల్లగా పైకి తేలినట్టు, చీకట్లోంచి ఒక్కొక్కరే మనుషులు బయటికి వస్తారు.

నడుమ గడ్డి. గడ్డి మీద పసిబిడ్డ. ఆ పటంలో ఎక్కడా దీపం లేదు, చంద్రుడు లేడు. వెలుగంతా ఆ బిడ్డ ఒంట్లోంచే వస్తుంది. బిడ్డ మీది గుడ్డను కొద్దిగా ఎత్తి చూపిస్తున్న తల్లి ముఖం కింది నుంచి వెలుగుతుంది. ఒక ముసలమ్మ ఆ వెలుగు తాళలేక కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మనకు వీపు పెట్టి మోకరిల్లిన ఒక మనిషి అరికాళ్లు మన వైపే ఉంటాయి, మట్టి కొట్టుకొని, పగుళ్లతో. ఆ అరికాళ్లు మా నానమ్మకు నచ్చేవి కావు. వాటికి అడ్డంగా ఒక ఇత్తడి పూలకుండీ పెట్టించింది. వెనక, వెలుగు సగం చేరి సగం చేరని చోట, ఒక పొడవాటి మనిషి కర్ర మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంటాడు. ఆయన తల పైన విరిగిన రాతి స్తంభం, దానిపైన మబ్బులు, మబ్బుల్లో రెక్కల పిల్లలు. అందరికంటే కింద, కుడి మూలన, నాలుగు కాళ్లూ కట్టేసిన గొర్రెపిల్ల.

మా తాత తండ్రి సికింద్రాబాద్‌లో ఎవరో తెల్లవాడు ఊరు విడిచిపోతూ సామాను వేలం వేస్తుంటే దాన్ని పాడుకొని తెచ్చాడని చెప్పేవారు. ఏమనుకొని తెచ్చాడో తెలియదు. మా ఇంట్లో మాత్రం అది రేపల్లె. బిడ్డ కృష్ణుడు, తల్లి యశోద, రెక్కల పిల్లలు గంధర్వులు. కర్ర పట్టుకున్న పొడవాటి మనిషి నందుడు, గొల్లలకు దొర. స్తంభం ఆయన కట్టిస్తున్న మేడది, పని ఇంకా పూర్తి కాలేదు. మోకాళ్ల మీద ఉన్నవాళ్లు ఆయన కింది జనం. మా తాత చేతికర్రతో ఒక్కొక్కరినీ చూపిస్తూ చెప్పేవాడు. చెప్పడం అయ్యాక పటం పక్కన, ఆ పొడవాటి మనిషి లాగే, కర్ర మీద చెయ్యి ఆనించి నిలబడేవాడు.

“మనింటోళ్లు గీడ నిలబడుతరు బిడ్డా,” అనేవాడు నాతో. “వంగెటోళ్లు వంగుతరు. మనం నిలబడుతం.”

నేను ఆయన పక్కన నిలబడేదాన్ని, వీపు నిటారుగా పెట్టి.

దసరా నాడు ఆ హాల్లో కొలువు. మావాళ్లు కుర్చీల్లో కూర్చునేవారు. ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి జమ్మి ఆకు చేతిలో పెట్టి పోయేవారు. గొల్లలు మాత్రం ఆకుతో పాటు గొర్రెపిల్లను తేవాలి. అది పటంలో ఉన్నట్టే ఉండాలి, నాలుగు కాళ్లు కట్టి, తెల్లగా. ఈ ఆచారం ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేదు. పటంలో తెల్లపిల్ల ఉంది కనుక తెల్లపిల్ల కావాలి, అంతే. మా నర్మెట్ట వైపు మందలన్నీ నలుపు, కాకపోతే ఎర్రమట్టి రంగు. తెల్లపిల్ల పుడితే పుట్టినట్టు, లేకపోతే లేదు. ఆ ఏడు వంతు వచ్చిన ఇంటివాళ్లు నెలల ముందు నుంచే ఊళ్లు తిరిగి, రెండు మూడు నల్లపిల్లలను ఇచ్చి ఒక తెల్లదాన్ని మార్చుకొని వచ్చేవారట. నాకు అప్పుడు ఇదంతా తెలియదు. దసరాకు తెల్లపిల్లలు వాటంతట అవే పుడతాయనుకునేదాన్ని.

గొల్లలు హాలు లోపలికి రాకూడదు. గడప అవతల, నేల మీద, మోకాళ్లు ముడుచుకొని కూర్చోవాలి. గడప దాటేది గొర్రెపిల్ల ఒక్కటే. మరునాడు అది వంటింటి వెనక్కి పోయేది.

నాకు ఏడేళ్లప్పటి దసరా అది. గడప అవతల ఒక గొల్లాయన, ఆయన పక్కన పన్నెండు పదమూడేళ్ల కూతురు. గొర్రెపిల్ల ఆ అమ్మాయి ఒళ్లో ఉంది. మా జీతగాడు దాన్ని తీసుకొచ్చి పటం కింద, ఇత్తడి కుండీ నీడలో పడుకోబెట్టాడు. నేను కుర్చీ దిగి పోయి దాని మెడ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. దాని గుండె నా చేతికి కొట్టుకుంది. చెయ్యి తీసి చూసుకుంటే అరచెయ్యి తెల్లగా ఉంది.

నా మనుమరాలిది డేగ కన్ను అని మా తాత అందరికీ చెప్పేవాడు. ఆ మాట నిలబెట్టాలని నాకు ఎప్పుడూ ఆరాటం. అరచెయ్యి ఎత్తి హాలంతటికీ చూపించాను.

“తాతా, సుద్ద! దీనికి సుద్ద రాసిండ్రు!”

ఎవరో నవ్వారు. తాత నవ్వలేదు, అరవలేదు. శభాష్ అన్నట్టు నాకేసి తల ఊపి, కర్రతో నేలను ఒక్కసారి తట్టాడు.

ఆ మధ్యాహ్నం గడి ముందు ఎండలో ఆ గొల్లాయనను వంగబెట్టి నడుము మీద రాయి ఎత్తారు. నేను కిటికీలోంచి చూశాను. ఆయన నీడ పొట్టిగా కాళ్ల దగ్గరే ఉంది. కూతురు ఆ నీడలోకి ఒదిగి కూర్చొని, మావాళ్లు బయట పడేసిన గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకొని, దానికి అంటిన సుద్దను పావడ అంచుతో తుడుస్తోంది. మెల్లగా, దానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు. సాయంత్రం ఎట్లాగూ దాన్ని లోపలికి తీసుకుపోయారు. నా చేతిలో భక్ష్యం ఉంది. నేను చెయ్యి కడుక్కోలేదు. తింటుంటే సుద్ద రుచి తగిలింది.

మరుసటి ఏడు ఆ కుటుంబం ఊళ్లో లేదు. వాళ్ల పేరు మాత్రం ఊళ్లో మిగిలింది. సుద్దగొర్రోళ్లు.

గడి ఎట్లా పోయిందో రాయను. చుట్టుపక్కల గడులన్నీ ఎట్లా పోయాయో మాదీ అట్లాగే పోయింది. రాళ్లు మిగిలాయి, కొన్నాళ్లకు రాళ్లు కూడా పోయాయి. నేను మహబూబాబాద్‌లో ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్‌గా చేరాను. మా వంశంలో జీతానికి పనిచేసిన మొదటి మనిషిని నేనే. ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఇస్త్రీ లేని చీరతో ఒక్కనాడూ బడికి పోలేదు. పిల్లలు నాకు ‘గడ్డపార టీచర్’ అని పేరు పెట్టారని తెలుసు. వినీ విననట్టు ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ఇష్టమే.

పటం నాతో పాటు ట్రాక్టర్‌లో మహబూబాబాద్ వచ్చింది. రిటైరయ్యాక వ్యాన్‌లో జనగామ వచ్చింది. ఇక్కడ నావి రెండు గదులు. ముందు గది గోడంతా అదే. గడి నుంచి మిగిలిన ఒకే ఒక్క కుర్చీని దానికి ఎదురుగా వేసుకున్నాను. మధ్యాహ్నాలు ఆ కుర్చీలో కూర్చుంటే, కళ్లు ఇంకా మూతపడకముందే పటంలోని గడ్డి వాసన గదిలోకి వచ్చేది. ఒక్కోసారి తాత కర్ర చప్పుడు కూడా వినిపించేది. బయట ఆటోలు పోతుండేవి, అవి ఏదో వేరే ఊళ్లో పోతున్నట్టు ఉండేది.

పోయిన వానకాలం ఇల్లు కురిసి చట్రం వెనక బూజు పట్టింది. నా తర్వాత దీన్ని చూసుకునేవారు లేరు. నా పాత విద్యార్థిని ఒకామె హైదరాబాద్‌లో ఒక మ్యూజియంలో పాత పటాలను బాగుచేసే పని చేస్తోంది. మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల. ఫోన్ చేస్తే ఆదివారం వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ తల్లితో ఫోన్‌లో తమ భాషలో ఏదో అని నవ్వింది.

“ఏమంటున్నావు?” అని అడిగాను.

“లెక్క తప్పితే గోడకుర్చీ ఏయించిన టీచర్ ఇంట్లున్న అని చెప్పిన. మా అమ్మకు ఇప్పటికీ మీరంటే భయమే టీచర్.”

పటం ముందు నిలబడ్డాక ఆమె నవ్వు ఆగిపోయింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు కదులుతూ చూసింది. తర్వాత మెల్లగా అంది, “ఇది కృష్ణుడు కాదు టీచర్. మీకు ఎరుకేనా?”

ఆ సంగతి నాకు తెలియదని అంటే అబద్ధం. బడిలో పనిచేసేటప్పుడు క్రిస్మస్ కార్డుల మీద ఇదే గడ్డి, ఇదే బిడ్డ, ఇదే మోకరింపు చూశాను. కార్డు తిప్పి బల్ల మీద పెట్టేసేదాన్ని.

“క్రీస్తు పుట్టినప్పటి బొమ్మ,” అంది ఆమె. “గొర్రెల కాపరులు చూడొచ్చిండ్రు. పాతకాలపు యూరప్ పటానికి ఎవరో చేసిన నకలు. కని మంచి చెయ్యి.”

సంచిలోంచి దారపుండ తీసి, ఒక కొస నన్ను పటం పైన ఎడమ మూలకు పట్టుకోమంది. రెండో కొస తాను కింద కుడి మూలకు పట్టుకుంది.

“కర్ణం గియ్యకుండ లెక్క మొదలువెట్టొద్దని మీరే కద చెప్పింది. ఇప్పుడు చూడుండ్రి.”

చూశాను. దారం పొడవాటి మనిషి కర్ర మీదుగా దిగి, తల్లి చేతిని తాకి, బిడ్డ మీదుగా పోయి, మోకరిల్లిన మనిషి వీపు వాలు వెంటే జారి, గొర్రెపిల్ల దగ్గర ఆగింది. లెక్కలు చెప్పి బతికినదాన్ని, ఇన్నేళ్లూ ఆ పటం ఎదురుగా కూర్చున్నదాన్ని, ఆ గీత నాకు ఎన్నడూ కనబడలేదు. మా కన్ను ఎప్పుడూ పొడవాటి మనిషి దగ్గరే ఆగిపోయేది. గీసినవాడు మాత్రం అక్కడి నుంచి కిందికి, కిందికి, కాళ్లు కట్టేసిన ఆ పిల్ల దాకా మమ్మల్ని తోస్తూనే ఉన్నాడు.

“ఈయన నందుడు కాకపోతే ఎవరు మరి?”

“తల్లి పెనిమిటి. వడ్ల పని, కట్టెపని చేసే ఆయన.”

“మా తాత ఆయన పక్కన నిలబడేవాడు. మన ఇంటివాళ్ల స్థానం అది అనేవాడు.”

ఆమె పెదవి కొరుక్కుంది. “వడ్లాయన పక్కన నిలబడితే తప్పేముంది టీచర్,” అంది.

“కడుతున్న ఆ మేడ?”

“కట్టేది కాదు, కూలింది. పాత రాజ్యం కూలిన జాగల ఈ బిడ్డ పుట్టిండని చెప్పుటానికి స్తంభాలు అట్ల ఇరిగిపోయినట్టు గీస్తరు.”

“మేము కడుతున్నారనే అనుకున్నాం.”

“చూసెటోళ్లు మేడ కట్టుకుంటున్నప్పుడు అట్లనే కనవడ్తది కద.”

ఆమె కింద కూర్చొని, గడి నుంచి పటంతో పాటే వచ్చిన ఇత్తడి కుండీని పక్కకు జరిపి, తడి దూదితో గొర్రెపిల్ల వెనక కాళ్ల దగ్గర అరచేయంత మేర తుడిచింది. దూది నల్లబడింది. ఇంకో దూది తీసుకుంది. మెల్లగా ఒక రంగు పైకి వచ్చింది. ఎర్రమట్టి రంగు.

“ఇది తెల్లపిల్ల కాదు టీచర్. గోధుమ రంగుది. బిడ్డ మీదికెల్లి వెలుగు పడ్డకాడికే తెలుపు. ముఖం తెలుపు, మెడ తెలుపు. ఇగో, ఈడికెల్లి వెలుగు అందక రంగు దిగుతది. మీ దీపాల పొగ పట్టి ఎనుక కాళ్లు చీకట్ల కలిసిపోయినయ్.”

నా కుడి అరచెయ్యి నాకు తెలియకుండానే చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటోంది. ఆమె చూసినట్టు లేదు.

“కాళ్లు ఎందుకు కట్టేశారు? కానుక కనుకనా?”

“కానుకనే. కని ఆ గొర్రెపిల్ల అంటే ఆ బిడ్డనే. పెద్దయినంక ఆయనకు ఏం జరుగుతదో ముందే చెప్పుడన్నట్టు. ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నరో, ఈ పటంల అదే అసలు లెక్క.” తల ఎత్తి పైకి చూసింది. “ఇట్లాంటివి చర్చిల ఎత్తుల కడ్తరు టీచర్. మోకాళ్ల మీద కూసొని చూసెటోళ్ల కోసం గీసినయ్. ఒకసారి ఇట్ల కింద కూసొని చూడరాదుండ్రి.”

“నా మోకాళ్లు బాగాలేవు,” అన్నాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

వెళ్లే ముందు ఆమె నాకు ఒక పని పెట్టింది. పటాన్ని మ్యూజియం తీసుకుంటుంది. నెల రోజుల్లో మనుషులతో వస్తుంది. ఈలోగా నేను ఒక కాగితం రాసివ్వాలి, ఈ పటాన్ని మా ఇంట్లో ఎట్లా చూశారు, ఎట్లా వాడుకున్నారు అని. దాన్ని పటంతో పాటు శాశ్వతంగా ఉంచుతారు. అందులోంచే నాలుగు మాటలు తీసి పటం పక్కన బోర్డు మీద రాస్తారు.

అదే రోజు మొదలుపెట్టాను. ‘మా పూర్వీకులు దీన్ని కృష్ణ పటంగా పూజించారు. దసరా పండుగకు గ్రామంలోని గొల్లలు భక్తితో తెల్ల గొర్రెపిల్లను సమర్పించేవారు.’ చక్కటి దస్తూరీ. ‘భక్తితో’ అన్న మాట దగ్గర కలం ఆగింది. ఆ మాట తీసేస్తే ఏం రాయాలో తెలియలేదు. ఉంచితే నేను పోయాక కూడా అది పటం పక్కన ఉండిపోతుంది, ఎవరెవరో వచ్చి చదువుతారు. వారం రోజులు ఆ కాగితం కుర్చీ చేతి మీద అట్లాగే ఉంది.

ఆ గొల్లాయన పిల్లలు ఎక్కడున్నారో నాకు ఎప్పటి నుంచో తెలుసు. మా ఊరివాళ్లు జనగామ కూరగాయల మార్కెట్‌లో కలిసినప్పుడు చెప్పారు. మొదట ఘనపూర్ దగ్గర మంద పెట్టుకొని బతికారు. కూతురు ఇప్పుడు భూపాలపల్లిలో కొడుకు దగ్గర ఉంటోంది, కొడుకుది బొగ్గుబాయిలో పని. తెలిసి కూడా ఇన్నేళ్లూ పోలేదు. పోయి ఏమనాలి?

ఆ సోమవారం పొద్దున బస్సెక్కాను. హన్మకొండలో బస్సు మారాను. పరకాల దాటాక కిటికీ పక్కన కునుకు పట్టింది. పత్తి చేలు, నీళ్లు, మళ్లీ పత్తి చేలు, అన్నీ ఒకే పటం పదేపదే విప్పుతున్నట్టు పోతున్నాయి. ఒకచోట బస్సు ఆగింది. కళ్లు తెరిచేసరికి గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. నల్లవి, ఎర్రవి. ఎండ ఒక వైపు నుంచి పడి, ప్రతి గొర్రెకూ ఆ వైపు వీపు మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఒక్కటీ తెల్లది కాదు, అన్నీ తెల్లగా ఉన్నాయి. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆ మంద అయిపోకూడదనిపించింది.

బొగ్గుబాయి క్వార్టర్ల వరుసలో ఇల్లు అడుగుతూ పోయాను. గుమ్మంలో ఉన్న ఆయనకు యాభై దాటి ఉంటాయి.

“ఎవలు కావాలమ్మా?”

నేను చెప్పేలోగా లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. “గడ్డపార మింగినట్టు గా నిలబడుడు చూస్తె ఎరుకైతలేదారా? గడి దొరసాని. లోపటికి రమ్మను.”

ఆమె నేల మీద చాప వేసుకొని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. చూపు మాత్రం సూటిగా ఉంది. కొడుకు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

“కూసో. నీకు కుర్చీ, మాకు నేల. గదొక్కటి మారలే,” అని నవ్వింది.

కూర్చున్నాను. పటం మ్యూజియానికి పోతోందని చెప్పాను. కాగితం సంగతి చెప్పాను. చివరికి అన్నాను, “ఆ గొర్రెపిల్ల తెల్లది కాదట. వెలుగు పడినంత మేరే తెలుపట. వెనక కాళ్లు ఎరుపు. నాకు ఇప్పుడే తెలిసింది.”

“మాకెరుకే,” అంది, గింజ తీస్తూనే.

“ఎట్లా?”

“ఎట్లేంది? మేం గడప కాడ కింద కూసుండేటోళ్లం గద. మీరు కుర్చీలల్ల కూసుంటే మీకు గా పటం అద్దమోలె మెరుస్తది, కింది దిక్కు ఏం కనవడది. మాకు మెరవకపోవు. కాళ్లు ఎర్రగున్నయని మా తాతలకాడికెల్లి మావోళ్లకు ఎరుకే.”

“మరి ఎవరూ చెప్పలేదేం?”

“ఎవలు చెప్తరు? దొరా, నీ పటం నీకు కనవడ్తలేదు అని ఎవలు చెప్తరు?”

కొడుకు గోడకు ఆనుకొని నవ్వాడు. ఆమెకు హుషారు వచ్చింది.

“ఇంకోటి చెప్పాల్నా? పటంల గా పోరడు మీ ఇంట్ల పుట్టిండని మీరు సంబురపడేది. మా అవ్వ మాకు ఏం చెప్పేదంటే, గా పోరడు మనోడే అనేది. దొరింట్ల పుట్టినోన్ని గడ్డిల ఎవలన్న పండవెడ్తరా? పట్టుమంచం ఎటుపోయింది? అందుకే మేం పిల్లను తెచ్చినప్పుడు దొరకు ఇస్తున్నమని తేలేదు. మా పోరనికి ఇస్తున్నమని తెచ్చినం. మీరు కోసుకొని తిన్నరు, గది మీ కర్మ.”

‘భక్తితో’ అన్న మాట నేను రాసిన చోట కాకుండా ఇంకెక్కడో, నాకు అందని చోట, నిజమే అయి కూర్చుంది. నేను చేతుల వైపు చూసుకున్నాను.

“సుద్ద మరి?”

ఆమె చెయ్యి ఆగింది. తీసిన గింజను చాప మీద పెట్టింది.

“గా యేడు నాయిన చిల్పూర్ దాక తిరిగిండు. తెల్లపిల్ల దొర్కలే. ఇంట్ల నేను సాదిన ఎర్రపిల్ల ఉండె. తల్లి సచ్చిపోతే మేకపాలు తాగవెట్టి పెంచిన. నాయిన దాన్నే ముందల పండవెట్టుకొని సుద్ద కలిపిండు. మొఖానికి రాసిండు, మెడకు రాసిండు, ముందరి కాళ్లకు రాసిండు. ఎనుక కాళ్లు ఇడిచిపెట్టిండు. గవిటికి కూడ రాయరాదా నాయినా అంటే, పటంల గట్ల లేదు బిడ్డా అన్నడు. పటంల పోరని వెలుగు ఏడిదాక పడ్డదో ఆడిదాకనే రాసిండు. మనకాడ వెలుగు లేదు, సుద్ద ఉన్నది అన్నడు.”

అప్పుడు నాకు కనబడింది. కిటికీ కింద, ఆ ఎండలో, ఆ అమ్మాయి ఒళ్లో ఉన్న పిల్ల. పావడ అంచుతో ముఖం, మెడ తుడుస్తోంది. వెనక కాళ్లు తుడవడం లేదు. అవి మొదటి నుంచీ ఎర్రగానే ఉన్నాయి. డేగ కన్ను అనిపించుకున్నదాన్ని, నేను అది చూసి కూడా చూడలేదు. హాలు మొత్తంలో ఆ పటాన్ని సరిగ్గా చదివిన మనిషి ఒక్కడే, గడప అవతల కూర్చున్నవాడు. చూసింది చూసినట్టు తిరిగి గీసి తెచ్చాడు. ఆయన నడుము మీద మేము రాయి పెట్టాం.

“మా నాయిన దొంగ కాదు,” అంది ఆమె. గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. “పోయేదాక గదే అనుకుంట పోయిండు, నేను దొరను మోసం చెయ్యలేదు బిడ్డా అని. మా మనుమరాలి లగ్గమప్పుడు కూడ సుద్దగొర్రోళ్ల పిల్ల అన్నరు. గీ కాగితంల గదొక్కటి రాస్తవా? దొంగ కాదని?”

“రాస్తాను.”

“మీ తాత పేరు పోతది మరి.”

తాత నాకు పలక మీద అంకెలు దిద్దించాడు. జ్వరం వస్తే రాత్రంతా మంచం పక్కన కూర్చునేవాడు. ఆయన కర్ర మీద ఆనిన చెయ్యి ఇప్పటికీ నా భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

“పోతే పోతుంది,” అన్నాను. “నేను చెయ్యి ఎత్తి చూపించింది కూడా రాస్తాను.”

“గది నీ ఇష్టం. నువ్వు గప్పుడు పోరివి. అయినా గా దినం నిన్ను పట్టుకొని గిచ్చాలె అనిపిచ్చింది నాకు. చేతికందలే, గడప అడ్డమొచ్చింది.”

“ఇప్పుడు గిచ్చు అక్కా,” అన్నాను.

ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. మా ఇంట్లో ఎవరూ వాళ్లను అట్లా పిలవలేదు. ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. తర్వాత చింతపండు చేతితోనే ముందుకు వంగి, నా ముంజేతిని పట్టుకొని గిచ్చింది. ఊరికే కాదు, గట్టిగా. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“గిది నా ఎర్రపిల్ల కోసం,” అంది. “నాయినది గట్ల పోదు. నువ్వు రాయాలె.”

బయల్దేరేటప్పుడు, పటం పోయేలోగా జనగామ వచ్చి ఒకసారి చూడమని అడిగాను.

“మల్ల గడప కాడ కూసొమ్మంటవా?”

“లోపలికి రా.”

“వద్దు. గాడ మ్యూజియంల పెట్టినంక వస్త. టికెట్ కొనుక్కొని వస్త,” అంది. కొడుకు నన్ను బస్టాండ్ దాకా బండి మీద దింపి, తన ఫోన్ నంబర్ ఇచ్చాడు.

మరునాడు పొద్దున కుర్చీని పక్కకు లాగేశాను. ముందు గది గడప దగ్గర, తలుపుకు చెయ్యి ఆనించి, మెల్లగా నేల మీద కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. మోకాళ్లు ముడవడానికి ఇంకా సేపు పట్టింది. ఇంట్లో ఎవరూ లేరు, అయినా ఎవరో చూస్తున్నట్టు సిగ్గేసింది.

తల ఎత్తాను.

మెరుపు పోయింది. ఇన్నేళ్లూ పటం మీద తేలుతూ ఉండిన ఆ తెల్లటి పొర లేదు. మోకరిల్లిన మనిషి అరికాళ్లు నా కళ్లకు ఎదురుగా ఉన్నాయి, పగుళ్లతో, చెయ్యి చాస్తే అందేలా. ఆయన వెనక వరుసలో నేనూ ఒకదాన్ని కూర్చున్నట్టు ఉంది. గోడ లోపలికి జరిగింది, గది పెరిగింది, గడ్డి వాసన వచ్చింది. విరిగిన స్తంభం పైనెక్కడో దూరంగా, మా గడి చివరి గోడ లాగా ఉంది. నందుడనుకున్న ఆ వడ్లాయన కింది నుంచి చూస్తే దొరలా లేడు. అలసిపోయి కర్ర మీద బరువు వేసి, ఆయన కూడా గొర్రెపిల్లనే చూస్తున్నాడు. దాని వెనక కాళ్లు ఎర్రగా ఉన్నాయి. నా విద్యార్థిని తుడిచిన మేరే కాదు, ఆ పైన పొగ పట్టిన చోట కూడా.

అక్కడే, నేల మీదే కూర్చొని కాగితం రాశాను. మా ఇంట్లో దీన్ని రేపల్లె అనుకున్నామని, గొర్రెపిల్ల తెల్లదనుకొని ఏటేటా గొల్లల దగ్గర తెల్లపిల్లను తీసుకున్నామని రాశాను. ‘సమర్పించేవారు’ కొట్టేసి ‘తీసుకున్నాము’ అని రాశాను. ఒక ఏడు ఒక కాపరి వెలుగు పడిన మేరకు మాత్రమే సుద్ద రాసి పటంలో ఉన్నట్టే పిల్లను తెచ్చాడని, మోసమని మా తాత ఆయనను శిక్షించాడని, అది పట్టి చూపించింది ఏడేళ్ల నేనని రాశాను. ఆయన మోసం చేయలేదు, ఈ పటాన్ని మా ఊళ్లో చదవగలిగిన మనిషి ఆయనే అని ముగించాను.

నెల తిరక్కుండానే నా విద్యార్థిని మనుషులతో వచ్చింది. వాళ్లు పటాన్ని దించి గుడ్డల్లో చుడుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి కాగితం చదివింది. రెండుసార్లు చదివింది.

“ఇది బోర్డు మీద కూడ రావాల్నా టీచర్?”

“రావాలి.”

“మరి ఈయన పేరు? పేరు లేకుంట ఎట్ల రాస్తం?”

నాకు ఆయన పేరు తెలియదు. ఆ హాల్లో ఎవరూ ఆయనను పేరుతో పిలవలేదు. అక్కడే నిలబడి భూపాలపల్లికి ఫోన్ చేశాను. కొడుకు ఎత్తి తల్లికి ఇచ్చాడు.

“అక్కా, నాయిన పేరు చెప్పు. రాసుకుంటా.”

అవతల ఆమె కొడుకును ఫ్యాన్ ఆపమనడం వినిపించింది.

“గిన్నేండ్లకు అడిగినవా,” అంది. తర్వాత ఒక్కొక్క అక్షరం విడదీసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. సరిగ్గా రాశానో లేదో తిరిగి చదవమంది. చదివాను. ఆయన తండ్రి పేరు కూడా రాయమంది. రాశాను.

ఇక్కడ నేను ఎవరి పేరూ రాయలేదు. ఆ కాగితం మీద ఆ పేరు ఉంది.